కూచిపూడి నృత్యనాటకాల్లో రంగాలంకరణ

నృత్యనాటకానికి వేదికను అమర్చే కళ రంగాలంకరణ. నాటకాలవాళ్ల నోట అది సెట్టింగు. ఐరోపా బ్యాలేలో ఈ పనికి పేరున్న చిత్రకారులు పూనుకున్నారు. 1910లో ‘షెహెరజాద్’ వేదికకు లియోన్ బాక్స్ట్, 1917లో ‘పరేడ్’కు పికాసో రూపమిచ్చారు. కూచిపూడిలో మాత్రం ఈ చరిత్ర ఒక్క తెరతో మొదలవుతుంది.

కూచిపూడి కళాకారులైన భాగవతులు ఆడింది గుడి ముందు, ఆరుబయట. వెనుక గోడ ఉండేది కాదు. ఆటకు ముందు జరిగే పూర్వరంగంలో నీళ్లు చల్లి, ముగ్గు పెట్టి, దీపం తెస్తే రంగస్థలం సిద్ధమైనట్టే. పాత్ర వచ్చేముందు ఇద్దరు చెరో కొస పట్టుకుని తెర నిలిపేవారు. దాని వెనుక గజ్జెల చప్పుడు, ముందు పాత్రను పరిచయం చేసే పాట, ప్రవేశ దరువు. భామాకలాపంలోనైతే సత్యభామ ముఖం చూపకముందే తన జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. చూసేవాళ్లకు కనిపించేది ఆ జడ ఒక్కటే, కానీ భామ గర్వమంతా అందులోనే ఉంటుంది. ఇంత తక్కువ సామగ్రితో ఇంత ఎదురుచూపు పుట్టించిన అలంకరణ అరుదు. వెలుగు కాగడాలది. రాక్షస పాత్ర వస్తుంటే వాటి మీద గుగ్గిలం పొడి చల్లేవారు, మంట భగ్గున లేచేది.

సింహనందిని అనే నృత్యంలో అలంకరణను ఆటే తయారు చేస్తుంది. నర్తకి తాళం తప్పకుండా అడుగులు వేస్తూ, నేల మీది పొడిలో కాలితోనే సింహం బొమ్మ గీస్తుంది. ఆలయ సంప్రదాయానికి చెందిన ఈ నృత్యాన్ని తిరిగి వేదికెక్కించినవారు సి.ఆర్. ఆచార్యులు.

రంగులు వేసిన తెరలు 19వ శతాబ్ది చివర్లో ధార్వాడ నాటకాల ప్రభావంతో తెలుగునాట పాతుకుపోయాయి. 1885లో కడప జిల్లా సురభిలో వనారస గోవిందరావు బృందం ‘కీచకవధ’ ఆడింది. ఆ బృందంలోనివారు తోలుబొమ్మలు ఆడించిన కుటుంబాలవారు. సురభివారిది పద్యనాటకమే అయినా, తెలుగు రంగాలంకరణ గురించి చెప్పేటప్పుడు వాళ్లను దాటిపోలేం. దర్బారు, అడవి, వీధి, ఒక్కోదానికి ఒక్కో తెర. వాళ్ల ‘మాయాబజార్’లో లడ్డూలు వాటంతటవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడతాయి. నారదుడు ఆకాశం నుంచి దిగుతాడు. అదంతా కనిపించని తీగల పనితనం.

వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించారు. ‘శ్రీకృష్ణ పారిజాతం’, ‘క్షీరసాగర మథనం’ వంటి ఆయన నృత్యనాటకాలు మూడు వైపులా మూసిన ఆధునిక వేదిక మీద ఆడాయి. కాగడాల చోట విద్యుద్దీపాలు వెలిగాయి. చూపు ఒకే వైపు నుంచి పడుతుంది కాబట్టి నర్తకుల బారులు, గుంపులు కూడా దానికి తగ్గట్టు కుదురుకున్నాయి. వేదిక నిండా బొమ్మలు పేర్చాల్సిన అవసరం అలా తగ్గింది.

ఇప్పుడు పెద్ద వేదికల మీద నర్తకుల వెనుక ఎల్ఈడీ తెర వెలుగుతోంది. కైలాసమైనా ద్వారకయినా క్షణంలో మారిపోతుంది. అయితే కదిలే బొమ్మ అభినయం మీది నుంచి కన్ను లాగేస్తుంది. సత్యభామ కళ్లతో చెప్పే అలక దూరంగా కూర్చున్నవారికి అందదు. అందుకే నిశ్చలమైన ఒకే రంగు వెలుగు మేలు. ఆ వెలుగు ముందుకే భామాకలాపం రోజున ఇద్దరు మనుషులు చేతి తెర పట్టుకుని వస్తారు.