భోజనబల్ల నెక్కిన మార్కాపురపు పలకరాయి

నడుమ నొక్కటే పాదము, దానిపై విశాలమైన రాతిఫలకము, ఆపైన గాజు, అడుగున లోహము గలిగి, నగరగృహములలో నూత్నాలంకారముగా నెన్నబడుచున్న భోజనబల్ల రూపము మిక్కిలి ప్రాచీనమైనది. క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దివాడగు రోమను పండితుడు వర్రో, తన బాల్యమున పెక్కు గృహములలో, వాననీరు పడు నడవాకిటి చెంత, ఒకే స్తంభముపై నిలిచిన దీర్ఘచతురస్రపు రాతిబల్ల యుండెడిదనియు, దానిపై కంచుపాత్ర లుంచెడివారనియు వ్రాసియున్నాడు. భోజనమునకు గాక పాత్రలకే యుద్దేశింపబడిన ఆ యొంటిస్తంభపు బల్ల, 1957లో, గదులలో కుర్చీల కాళ్లు, బల్లల కాళ్లు గుంపుగూడి కంటికి చికాకు గొలుపుచున్నవని తలచిన ఏరో సారినెన్ అను వాస్తుశిల్పి చేతిలో, అమెరికాలోని నోల్ సంస్థ ద్వారా, క్రొత్త జన్మ మెత్తినది.

పాదమునకంటె నాకు దానిపై నిలుచు రాయియే ప్రీతిపాత్రము. అందులోను నల్లమల తూర్పువాలున గిద్దలూరు, కంభము, మార్కాపురము ప్రాంతములలో భూగర్భమున పొరలుపొరలుగా నిద్రించు పలకరాయి. 1872లో కడప, కర్నూలు శిలాసముదాయములను గూర్చి బృహద్గ్రంథము ప్రకటించిన విలియం కింగ్ ఈ రాళ్లను కంభము పేరనే వ్యవహరించెను. నూరుకోట్ల సంవత్సరములకు పూర్వమే సముద్రగర్భమున పేరుకొనిన బంకమట్టి, భూమి ముడుతలు పడిన కాలమున ప్రక్కనుండి వచ్చిన యొత్తిడికి లోనై, అందలి అభ్రకపు రేకులన్నియు నొకే దిక్కునకు ఒరిగి సర్దుకొనుటచే, ఈ రాతికి పుస్తకపు పుటలవలె విచ్చుకొను గుణ మబ్బినది. ఇనుము చేరినచోట తుప్పురంగు, బొగ్గుపదార్థము చేరినచోట నలుపు. ఒకే గనిలో రెండు బారల దూరమున రంగు మారుటయు గలదు.

గనినుండి తెచ్చిన దిమ్మను తడియారక మునుపే నిలువున నిలిపి, అంచున సన్నని ఉలి నానించి, సుత్తితో మెల్లగా తట్టుచు, రాతిలో బయలుదేరు సన్నని చప్పుడును చెవియొగ్గి వినుచు పోయినవానికి, రంపముతో పనిలేకయే ఆ దిమ్మ రెండుగా విచ్చును. తొందరపడి బలముగా కొట్టినవానికి మిగులునది పెంకులే. ఈ పనితనమే మార్కాపురమునకు పేరు దెచ్చినది.

పూర్వము మన బాలురు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దెడివారు. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెల్ తన నివేదికలో ఆ పద్ధతి పొదుపును మెచ్చుకొనెను. తరువాత రాతిపలక వచ్చి, ఇరువదవ శతాబ్దిలో మార్కాపురపు పలకకు చెక్కచట్రము బిగించుకొని బడికి పోయిన తెలుగుబిడ్డ లెందరో! దొండాకు, బొగ్గు కలిపి రుద్ది, ఎండలో నారబెట్టి, నల్లగా నిగనిగలాడించిన పలకపై బలపముతో ఓనమాలు దిద్దినవారికి ఆ రాతి చల్లదన మెట్టిదో చెప్పనక్కరలేదు. నోటుపుస్తకములు, రేకుపలకలు, ప్లాస్టిక్ పలకలు వచ్చి ఆ గిరాకీని హరింపగా, అదే రాయి నేలలకు, గోడలకు పరచు ‘డిజైన్ పలక’యై విదేశములకు పయనించెను.

బల్లగా మారుట పలకరాతికి క్రొత్తగాదు. 1826లోనే లండనులో జాన్ థర్స్టన్ బిలియర్డ్స్ బల్లకు చెక్కకు బదులు పలకరాయి పరచెను. తేమకు వంకరపోని సమతలము ఆ యాటకు ప్రాణము గదా! భోజనబల్ల విషయమున మాత్రము బరువు నాలోచింపవలెను. ఒకటిన్నర మీటరు పొడవు, తొంబది సెంటీమీటర్ల వెడల్పు, రెండు సెంటీమీటర్ల మందము గల ఫలకము డెబ్బది కిలోలు దాటును. ఒకే పాదము ఆ భారమును మోయుచు, అంచున ఎవరైన మోచేతులానించి వ్రాలినప్పుడు ఒరిగిపోక నిలువవలెనన్న, అడుగున వెడల్పైన బరువుగల లోహపీఠ మత్యావశ్యకము.

ఇక గాజు. ఉలితో విచ్చిన రాతి ముఖము ఎగుడుదిగుడుగా నుండి, మంచినీళ్ల గ్లాసు దానిపై ఊగిసలాడును. 1950 దశకమున ఇంగ్లండులో పిల్కింగ్టన్ సంస్థవారు కరగిన తగరముపై గాజును తేలించి చదునుచేయు విధానమును సాధించి, 1959లో ప్రకటించినప్పటినుండి, సానబట్టి నునుపు చేయకయే సమతలమైన గాజు లభించుచున్నది; దానిని పైన పరచినచో రాతి పొరలు కానవచ్చుచునే కంచము కదలక నిలుచును.

పీటపై కూర్చుండి విస్తరిలో భుజించిన మనకు బల్లయే ఆలస్యముగా వచ్చినది. అయినను మన వంటకు ఈ రాయి తగినది. చింతపండు పులుసు, నిమ్మరసము చిందినచో పాలరాయి మెరుపు చెడును. ప్రధానముగా స్ఫటికము, అభ్రకము గల పలకరాయి వాని కంత సులభముగా లొంగదు. పసుపుమరక మాత్రము పట్టును గనుక, గాజు లేనిచో రాతి రంధ్రములు మూయు పూత వేయింపవలెను. అద్దమువలె మెరుగుపెట్టింతుమను ముచ్చటను నే నంగీకరింపజాలను. తుప్పుచారలు, పొరల గీతలు నున్నగా చెరిగిపోయిన పిదప అది మార్కాపురపు రాయియో మరియొకటియో పోల్చుట దుర్లభము.