మా క్వార్టర్ ముందు తురాయి చెట్టు

మా పిల్లలకి ఎండాకాలం అంటే కూలర్ చప్పుడు. నాకు మాత్రం ఇప్పటికీ డోర్నకల్లే. నాన్న రైల్వేలో పనిచేసేవారు. పట్టాల అవతల వరుసగా క్వార్టర్లు, మా వాకిట్లో ఒక తురాయి చెట్టు.

ఆ ఊరిని పెంచింది బొగ్గు. 1870ల మొదట్లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని కనుక్కున్నాడు. 1874లో వాడి నుంచి సికింద్రాబాదు దాకా వచ్చిన నిజాం రైలు, వరంగల్ మీదుగా 1889కల్లా బెజవాడ చేరింది. గనులకు పోయే పాయ చీలిన చోటే మా జంక్షన్. ఇంజన్లు బొగ్గు తినేవి, మసి మాత్రం అమ్మ ఆరేసిన బట్టల మీద పడేది. దులిపి దులిపి, "వీళ్ళ రైలు పాడుగాను" అని తిట్టేది. జీతం వచ్చేది కూడా ఆ రైలు వల్లే కదమ్మా అంటే నవ్వేది.

కాలెండర్ చూడక్కర్లేదు, చెట్లే చెప్పేవి. ఇల్లెందు వైపు బండెక్కితే ఆకు లేని మోదుగలు ఎర్రగా కనిపించాయంటే చలి పోయినట్టు. ఉగాదికి వేప పూత. తర్వాత కానుగ, కిందంతా పేలాలు పోసినట్టు. ఆపైన పచ్చగా గుత్తులు దించే రేల. స్కూలు మూసేసి, నాన్న కూజా కొత్తది కొనుక్కొచ్చి, తాటి ముంజల బుట్టలు గుమ్మం ముందుకొచ్చేసరికి తురాయి భగ్గుమనేది.

మొగ్గ విప్పి రెక్కలు గోళ్ళకి అంటించుకుని దయ్యాల్లా తిరిగేవాళ్ళం. పువ్వులో ఒక్క రేకు మాత్రం తెల్లగా, ఎర్ర చుక్కలతో ఉంటుంది చూడండి, అది పుల్లగా ఉంటుంది, తినేసేవాళ్ళం. కేసరాల తలలు మెలేసి కోడిపందాలు. ఎండిన కాయలతో తమ్ముడూ నేనూ కత్తియుద్ధం.

ఈ చెట్టు మనది కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. దాని పుట్టిల్లు మడగాస్కర్. 1820లలో బోయర్ అనే ఆయన అక్కడ చూసి లోకానికి చెప్పాడు. స్టేషన్ ముందు సాయంత్రమయ్యేసరికి ఆకులు ముడిచే నిద్రగన్నేరుదేమో దక్షిణ అమెరికా. రేల, మోదుగ, కానుగ మాత్రం అచ్చంగా మనవి. కాలనీలో మనుషులూ అంతే అనిపించింది. పక్కింట్లో తమిళం, వెనకింట్లో హిందీ. మేమూ బదిలీ మీద వచ్చినవాళ్ళమే.

ఒక మే నెలలో నాన్న డ్యూటీలో ఉండగానే గుండెపోటుతో పోయారు. క్వార్టర్ ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. సామానంతా కట్టాక అమ్మ చెట్టు కింద కూర్చుని ఎండుకాయలు పగలగొట్టి గింజలు కొంగున ముడేసుకుంది. నాకు కోపం వచ్చింది, ఇప్పుడు ఇదేం పని అని.

ఖమ్మంలో ఇల్లు కట్టుకున్నప్పుడు ఆ గింజల చెట్టే ప్రహరీ పక్కన పెరిగింది. బియ్యం కడిగిన నీళ్ళు దానికే పోసేది. తురాయి వేళ్ళు లోతుకి పోవు, పైపైనే పాకుతాయి. ఇప్పుడు గోడ పగిలింది, గచ్చు లేచింది. గాలివానకి కొమ్మ విరిగి పక్కవాళ్ళ రేకుల మీద పడింది.

"అక్కా, నువ్వే చెప్పు అమ్మకి. రేపు ఎవరి మీదన్నా పడితే?" అంటున్నాడు తమ్ముడు. వాడు చెప్పేదాంట్లో తప్పేం లేదు. నేనైనా అదే చేస్తాను.

అమ్మకి ఫోన్ చేశాను. ఎంతసేపూ మామిడికాయ ముక్కల గురించే మాట్లాడింది. చివర్లో మెల్లగా, "పూత అయిపోనియ్యమను బిడ్డా, అంతవరకు ఆగమను" అంది.

తమ్ముడికి చెప్పాను. జూన్ దాకా ఆగుతానన్నాడు. పిల్లల్ని తీసుకుని శనివారం ఖమ్మం పోతున్నాను. కాయలు ఇంకా పచ్చిగానే ఉంటాయట.