లియోనిడాస్ లఫాయెట్ పోల్క్

లియోనిడాస్ లఫాయెట్ పోల్క్ (1837 ఏప్రిల్ 24 – 1892 జూన్ 11) అమెరికాలోని నార్త్ కరోలినాకు చెందిన రైతు, శాసనసభ్యుడు, పత్రికా సంపాదకుడు. అంతర్యుద్ధం తర్వాత అప్పుల్లో కూరుకుపోయిన దక్షిణాది రైతుల కష్టాలను దేశ రాజకీయాల్లోకి తెచ్చిన నాయకుల్లో ముఖ్యుడు.

తొలి జీవితం

ఆన్సన్ కౌంటీలో జన్మించిన పోల్క్ చిన్నతనంలోనే తల్లిదండ్రులను కోల్పోయాడు. వారసత్వంగా భూమితో పాటు బానిసలూ సంక్రమించారు. డేవిడ్సన్ కళాశాలలో కొంతకాలం చదివి, సేద్యంలో దిగాడు. 1860లో రాష్ట్ర దిగువ సభకు ఎన్నికయ్యాడు. దేశం చీలిపోకూడదన్నది అతని అభిప్రాయం. అయినా యుద్ధం మొదలయ్యాక దక్షిణాది రాష్ట్రాల కాన్ఫెడరేట్ సైన్యంలో చేరాడు. 1864లో మళ్లీ శాసనసభకు ఎన్నికయ్యాడు. యుద్ధానంతరం అతని భూముల మీదుగా రైలుమార్గం రావడంతో అక్కడ పోల్క్‌టన్ అనే ఊరు వెలిసింది.

వ్యవసాయ సేవ

ఆ రోజుల్లో రైతు విత్తనాలకూ తిండిగింజలకూ దుకాణదారు దగ్గర అప్పు చేసి, చేతికి రాని పంటనే తాకట్టు పెట్టేవాడు. పత్తి ధర పడిపోతే ఆ అప్పు తీరేది కాదు. ప్రభుత్వం పట్టించుకోనిదే రైతు కోలుకోలేడని పోల్క్ నమ్మాడు. 1877లో ఏర్పడిన రాష్ట్ర వ్యవసాయ శాఖకు తొలి కమిషనర్ అయ్యాడు. ఎరువుల నాణ్యతా పరీక్ష ఆ శాఖ ప్రధాన బాధ్యతల్లో ఒకటి. 1886లో ‘ప్రోగ్రెసివ్ ఫార్మర్’ పత్రికను స్థాపించి, రైతుబిడ్డలకు ప్రత్యేక కళాశాల కావాలని పోరాడాడు. మరుసటి ఏడాదే శాసనసభ అందుకు ఆమోదం తెలిపింది. అదే నేటి నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ.

రైతు ఉద్యమం

1889లో జాతీయ రైతు కూటమి ‘ఫార్మర్స్ అలయన్స్’ అధ్యక్షుడయ్యాడు. పంటను ప్రభుత్వ గోదాముల్లో నిల్వ ఉంచి, విలువలో 80 శాతం దాకా తక్కువ వడ్డీకి రుణమివ్వాలన్నది కూటమి ప్రధాన డిమాండ్. అయితే దక్షిణాదిలో ఈ కూటమి సభ్యత్వం తెల్లవారికే పరిమితం కావడంతో నల్లజాతి రైతులు వేరే సంఘం నడుపుకోవలసి వచ్చింది. ఒకే అప్పుల ఊబిలో ఉన్నవారిని జాతి పేరిట విడదీయడం ఉద్యమాన్ని బలహీనపరచింది.

మరణం, వారసత్వం

1892లో రైతు ఉద్యమం నుంచి పుట్టిన పీపుల్స్ పార్టీ తరఫున అమెరికా అధ్యక్ష పదవికి పోల్క్ పోటీ చేస్తాడని చాలామంది భావించారు. కానీ అభ్యర్థిని ఎన్నుకునే ఒమాహా మహాసభకు కొద్ది వారాల ముందే అతను వాషింగ్టన్‌లో మరణించాడు. అభ్యర్థిత్వం జేమ్స్ వీవర్‌కు దక్కింది. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో ‘పోల్క్ హాల్’ అతని పేరు మీదే ఉంది.