లెక్కకెక్కని నష్టం: కొత్తపట్నం తీరంలో కరెంటు కోత ఖరీదు

విద్యుత్ అంతరాయానికి ఖరీదు కట్టడంలో తొలి చిక్కు ఎవరి నష్టాన్ని లెక్కించాలన్నది. ఒక యూనిట్ సరఫరా కాకపోతే పంపిణీ సంస్థకు పోయేది దాని అమ్మకం ధర. వాడుకదారుకు పోయేది ఆ యూనిట్‌తో సాగవలసిన పని, ఆ పని ఆగినందువల్ల చెడిన సరుకు, కాలిన మోటారు, ఖాళీగా కూర్చున్న కూలీలకిచ్చిన వేతనం. ఈ రెండో నష్టాన్నే అంతరాయ వ్యయం అంటారు. ఒంగోలుకు తూర్పున సముద్రపు ఒడ్డునున్న కొత్తపట్నం నుంచి గుంటూరు పత్తి, మిరప పొలాల దాకా దీన్ని జనం దశాబ్దాలుగా భరిస్తూనే ఉన్నా, ఏ పద్దులోనూ అది చేరలేదు.

1959లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి కాలంలో ప్రగతికి కొలమానాలు ఉత్పత్తి అయిన యూనిట్లు, కరెంటు చేరిన ఊళ్లు, కనెక్షన్ పొందిన పంపుసెట్లు. 1980ల తొలినాళ్లలో వ్యవసాయ మోటార్లకు మీటరు రీడింగు బదులు హార్స్‌పవర్‌ను బట్టి ఏడాదికింత అని వసూలు చేసే స్లాబు పద్ధతి వచ్చాక, రైతు వాడిన యూనిట్లు కూడా అంచనాలుగానే మిగిలాయి. వాడినదే తెలియని చోట వాడలేకపోయినది తెలిసే దారి లేదు.

బయటి దేశాల్లో ఈ లెక్క అప్పటికే శాస్త్రంగా ఎదుగుతోంది. శ్రీలంక ఆర్థికవేత్త మోహన్ మునసింఘే 1979 నాటి గ్రంథంలో బ్రెజిల్‌లోని కాస్కవెల్ నగరాన్ని పరిశీలించి, పరిశ్రమల్లో పాడైన సరుకునూ, ఇళ్లలో దీపం లేక పోయిన సాయంకాలపు తీరికనూ డబ్బులోకి మార్చి చూపాడు. బెంటల్, రవీద్ 1982లో మరో దారి చూపారు: జనరేటరు కొనుక్కున్నవాడు సొంత యూనిట్‌కు ఎంత ఖర్చు పెడుతున్నాడో, అందని యూనిట్‌కు అతను కడుతున్న విలువ అదే.

ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి పెద్ద ప్రయత్నం 2001లో వెలువడిన ప్రపంచ బ్యాంకు అధ్యయనం. హర్యానాతో పాటు ఈ రాష్ట్ర రైతులను సర్వే చేసిన ఆ అధ్యయనం, హెచ్చుతగ్గుల వోల్టేజీకి కాలిపోయే మోటార్లు, వాటి రివైండింగ్ ఖర్చు, ట్రాన్స్‌ఫార్మరు బాగయ్యేదాకా ఆగే తడులు రైతుకు బిల్లుకు బయట పడే భారమని నమోదు చేసింది. ఛార్జీల పెంపుపై సాగిన ఆందోళన 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్ కాల్పులకు దారితీసి ముగ్గురి ప్రాణాలు తీసిన మరుసటి ఏడే వచ్చిన ఆ లెక్క సంస్కరణల వాదానికి ఉపయోగపడింది గాని, రైతు చౌక కరెంటుకు అప్పటికే పెద్ద మూల్యం చెల్లిస్తున్నాడన్న అసలు సంగతికి దక్కవలసిన శ్రద్ధ దక్కలేదు.

2009లో వనామి రొయ్యకు దేశంలో అనుమతి లభించాక కొత్తపట్నం వంటి తీర మండలాల్లో ఈ లెక్క స్వభావమే మారింది. దట్టంగా పెంచే చెరువులో నీటిని చిలికి ప్రాణవాయువును కలిపే ఏరేటర్లు ఆగకూడదు. రాత్రంతా నాచు, రొయ్యలు, అడుగు మడ్డి కలిసి ప్రాణవాయువును వాడుకోవడంతో తెల్లవారుజామున అది కనిష్ఠానికి పడిపోతుంది కనుక, మధ్యాహ్నం గంటసేపు పోయిన కరెంటుకూ వేకువన గంటసేపు పోయిన కరెంటుకూ ఖరీదు ఒకటి కాదు. అందుకే చెరువు గట్టున డీజిల్ జనరేటరు ఉంటుంది. కోత లేని రోజున కూడా దాని వడ్డీ, తరుగుదల అంతరాయ వ్యయమే. తలుపులు మూసి ఉంచితే గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో చలి కొన్ని గంటలు నిలుస్తుంది, చెరువుకు ఆ వెసులుబాటు లేదు.

మిల్లుల సంగతి వేరు. 2022 ఏప్రిల్‌లో పవర్ హాలిడే పేరిట నిరంతరం నడిచే పరిశ్రమలు సగం విద్యుత్తే వాడాలనీ, మిగిలినవి వారాంతపు సెలవుకు తోడు మరో రోజు మూసివేయాలనీ పంపిణీ సంస్థలు ఆంక్షలు పెట్టాయి. 2016లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూలో వచ్చిన అధ్యయనం ప్రకారం, విద్యుత్ కొరత భారతీయ కర్మాగారాల ఆదాయాన్ని సగటున 5 నుంచి 10 శాతం తగ్గిస్తుంది. ముడిసరుకును చాలావరకు నిల్వ ఉంచుకోవచ్చు కనుక ఉత్పాదకతలో నష్టం అంతకన్నా తక్కువ. పత్తి బేలు రేపటిదాకా ఆగుతుంది, రొయ్య ఆగదు.

2003 విద్యుత్ చట్టంలోని 57వ సెక్షన్ సేవా ప్రమాణాలు తప్పితే పరిహారం ఇవ్వాలని చెబుతున్నా, ఆ పరిహారం ముందుగా నిర్ణయించిన మొత్తమే తప్ప చెరువులోనో మగ్గం మీదో జరిగిన నష్టానికి సమానం కాదు. సంస్థలు ప్రకటించే అంతరాయాల సగటు గంటల్లో ఒక ఇల్లూ ఒక రొయ్యల చెరువూ ఒకే వినియోగదారుగా లెక్కకొస్తాయి. టారిఫ్‌పై బహిరంగ విచారణలు జరిపే విద్యుత్ నియంత్రణ మండలి ఫీడరు వారీగా, వేళ వారీగా, వృత్తి వారీగా ఈ నష్టపు అంచనాను కూడా సంస్థల నుంచి అడగాలి; కొత్తపట్నం రైతులు తమ డీజిల్ రసీదులను ఆ విచారణలో దాఖలు చేయాలి.