కార్తీక వనభోజనమూ, చెరువు కట్టా

శరదృతువంటే ఆశ్వయుజ, కార్తీక మాసాలు. కోస్తా వారికి అది తుఫానుల కాలం. మన అనంతపురం వారికి మాత్రం ఏడాది మొత్తంలో చెరువులో నీళ్లు కనబడితే కనబడే కాలం. నైరుతి మబ్బులను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య వానలు సముద్రం నుంచి ఇంత దూరం వచ్చేసరికి అలసిపోతాయి. రెంటికీ మధ్య మన పీఠభూమికి సాలీనా దక్కేది సగటున 550 మిల్లీమీటర్లు. ఏడాదిలో ఎక్కువ వాన పడే నెలలు సెప్టెంబరు, అక్టోబరులే. కాబట్టి కార్తీకం నాటికి ఆ ఏటి లెక్క తేలిపోతుంది. చెరువు నిండిందా, చెనిక్కాయ ఊడిందా, పశువులకు మేత ఉందా అన్నది ఊరి బయటికి వెళ్లి చూస్తే తెలిసేది.

కార్తీక వనభోజనాన్ని పురాణాలు పుణ్యకార్యమన్నాయి. ఉసిరి చెట్టు కింద దేవుణ్ణి పూజించి, అక్కడే వండుకుని, పదిమందీ కూర్చుని తినాలన్నాయి. పుణ్యం సంగతి పెద్దలకు వదిలేద్దాం. నాకు తోచినంతవరకు, మన ప్రాంతంలో ఈ ఆచారానికి ఇంకొక ప్రయోజనం ఉండేది. మన వైపు వనభోజనానికి వెళ్లడమంటే చాలా ఊళ్లలో చెరువు కట్ట మీదికి వెళ్లడమే. నీళ్లు, నీడ రెండూ ఉన్న చోటు వేరే ఎక్కడుంది? కట్ట మీద చింతమాను, కానుగ చెట్లు, కింద తూము, పక్కన గంగమ్మ గుడి. ఓళిగలు, చిత్రాన్నం, ఉడకబెట్టిన పచ్చి చెనిక్కాయలు తిని, మధ్యాహ్నం పిల్లలూ పెద్దలూ కట్ట పొడవునా నడిచేవారు. కట్ట ఎక్కడ కుంగింది, తూము ఎక్కడ కారుతోంది, మరువ మీద నీళ్లు ఎంత ఎత్తు పోతున్నాయి అన్నది ఎవరూ చెప్పకుండానే అందరి కంటా పడేది. రెవెన్యూ వారికి అజమాయిషీ ఉన్నట్టే, ఊరి జనానికి ఇది సాలీనా తనిఖీ. టి.ఏ. బిల్లు మాత్రం ఉండేది కాదు.

మన పట్టణం పుట్టిందే చెరువు వల్ల. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు పండమేరుకు అడ్డంగా కట్ట కట్టించి, రెండు తూముల దగ్గర రెండు ఊళ్లు నిలబెట్టాడనీ, రాజు పేర బుక్కరాయసముద్రం, రాణి పేర అనంతసాగరం అన్నాడనీ చెబుతారు. కట్ట కట్టిన సంవత్సరంగా చెప్పుకునేది 1364. ఆ అనంతసాగరమే నేటి అనంతపురం. ఈ ఊరి వృత్తాంతం తెలుగులో ఉన్నదాన్ని సి.పి. బ్రౌన్ సంపాదించి, ఇంగ్లీషు చేసి 1853లో మద్రాసులో అచ్చు వేయించాడు. తన ఊరి చరిత్ర ఆ విధంగా అచ్చులోకెక్కిన సంగతి మన పట్టణంలో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే.

ముసలమ్మ కథ మాత్రం అందరికీ తెలుసు. ఒక ఏడు భారీ వానకు బుక్కరాయసముద్రం చెరువు తెగబోయింది. బసిరెడ్డి ఇంటి చిన్న కోడలు ముసలమ్మను బలి ఇస్తే కట్ట నిలుస్తుందని దైవవాణి పలికింది. ఆమె అందరి దగ్గరా సెలవు తీసుకుని గండిలోకి దిగిపోయింది. ఈ కథనే కట్టమంచి రామలింగారెడ్డి గారు 1899లో విద్యార్థిగా ఉండగా ‘ముసలమ్మ మరణం’ అనే కావ్యంగా రాశారు. ఆయనే తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి ఉపాధ్యక్షులయ్యారు. కథలో నిజమెంతో అడగడం కంటే, ఒక ఇంటి కోడలి ప్రాణం కన్నా కట్టే ముఖ్యమని ఊరు అనుకునేంత భయం ఆ రోజుల్లో ఎందుకుందో ఆలోచించాలి. కట్ట తెగితే ఆ ఏడు ఆయకట్టు పోతుంది. మరుసటి ఏడు నీళ్లు నిలవవు. వాన రావడమే గగనమైన చోట వచ్చిన వాన కూడా పోతే మిగిలేది వలసే.

అందుకే పూర్వులు చెరువును దేవుడి మీద వదిలేయలేదు, లెక్క రాసి పెట్టారు. పక్కన కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనం చూడండి. 1369లో బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయించినది. రెండేళ్లపాటు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు పని చేశాయని అందులో ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, చెడ్డ చెరువుకు ఆరు దోషాలు చెప్పారు. కట్ట నుంచి నీరు కారడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు మధ్యలో మెరక, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం. రెండు తాలూకాల మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపిన మన గుమాస్తా సోదరులకు ఆ మూడవ దోషం ఎంత నిజమో వేరే చెప్పనక్కర లేదు. మన తాలూకా కచేరీల పాత ఇనాం రిజిస్టర్లలో కనబడే దశబంధం ఇనాములు కూడా ఈ కోవలోవే. చెరువు కట్టినవారికో, దాన్ని బాగు చేసేవారికో ఇచ్చిన మాన్యాలవి. నీళ్లు పంచే నీరుగంటికీ మాన్యమే. 1956 ఇనాముల రద్దు చట్టం తర్వాత అవి పట్టా భూములయ్యాయి. భూమి మిగిలింది, దానికి కట్టిపెట్టిన పని జారిపోయింది.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. చెరువు నిండితే అదనపు నీరు పొర్లిపోయే చోటును కొందరు అలుగు అంటారు, కొందరు కలుజు అంటారు. మనం మరువ అంటాం. మన పట్టణంలో మరువవంక ఉంది, నడిమివంక ఉంది. మరువవంక అన్న పేరులోనే మొత్తం సంగతి ఉంది, అది నీళ్ల దారి అని. ఏళ్ల తరబడి కరువు వస్తే వంక ఎండిపోయి ఖాళీ స్థలంలా కనబడుతుంది. కంప మొలుస్తుంది, తర్వాత గోడ లేస్తుంది, తర్వాత ఇల్లు. 2022 అక్టోబరులో భారీ వానలకు నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి. కట్టుబట్టలతో మిద్దెలెక్కిన వారిలో చాలామంది అది వంక అని కూడా తెలియక, రూపాయి రూపాయి కూడబెట్టి ఇల్లు కట్టుకున్నవారే. వారిని తప్పు పట్టను. చెరువు దాకా నడిచి, అక్కడి నుంచి నీళ్లు ఎటు పోతాయో వారికి చూపించినవారు లేరు. కార్తీకంలో కట్ట మీద తిరిగిన తరం అయితే ఆ పని మాట్లాడుకుంటూనే చేసేది.

వనభోజనం ఇప్పుడు లేకపోలేదు, పైగా పెరిగింది. అయితే తీరు మారింది. 1970లలో మా తాలూకా కచేరీ వనభోజనానికి తలా ఐదు రూపాయలు వేసుకునేవాళ్లం. తాసీల్దారు గారూ, అటెండరూ ఒకే పంక్తిలో విస్తళ్ల ముందు కూర్చునేవారు. ఆ తర్వాత కొన్నేళ్లకు పేపరులో ప్రకటనలు మొదలయ్యాయి, ఫలానా కులస్థుల కార్తీక వనభోజనం అని. షామియానా, మైకు, నాయకుల ఉపన్యాసం, క్యాటరింగ్ భోజనం. చెట్టు ఉండదు, ఉన్నా దాని పేరు ఎవరూ అడగరు. ఎవరి కులం వారు కలుసుకోవద్దని నేననను. దానికి కార్తీకాన్నీ, ఉసిరి చెట్టునూ వాడుకోవడం నాకు నచ్చదు. చెరువు నీళ్లు అన్ని కులాల పొలాలకూ పారినవే కదా.

చెరువులే కాదు, చూడవలసినవి ఇంకా ఉన్నాయి. కదిరి దగ్గర గూటిబయలులోని తిమ్మమ్మ మర్రిమాను అయిదెకరాలకు దగ్గరగా విస్తరించిన ఒకే చెట్టు. 1989లో గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. 1434లో సహగమనం చేసిన తిమ్మమ్మ చితి గుంజ చిగిర్చి మానైందని కథ. సహగమనాన్ని మెచ్చుకునే కాలం కాదిది, కానీ చెట్టును మెచ్చుకోకుండా ఉండలేం. 2022 ఏప్రిల్ నుంచి అదీ, లేపాక్షీ, పెనుకొండా శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. జిల్లా మారినా బస్సు మారలేదు. గుత్తి కోట ఎక్కగలిగిన వారు మురారిరావు కాలపు బురుజులు, కొండ మీద వాన నీళ్లు పట్టుకునే గుంటలు చూడవచ్చు. దత్తమండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా 1800 నుంచి ఏడేళ్లు అనంతపురంలో కచేరీ పెట్టిన మన్రో, 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే మొదట గుత్తిలోనే పాతిపెట్టారు. తర్వాత మద్రాసుకు తరలించారు. గుత్తికి దగ్గర్లోనే, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. అందులో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికీ, తర్వాత కుడి నుంచి ఎడమకూ చెక్కారు, మడక దున్నినట్టు.

ఇలా జనం ఒకచోట చేరి తమ ఊరి చరిత్ర చూసుకోవడానికి ఇతర దేశాల్లో రోజులు పెట్టుకున్నారు. ఫ్రాన్సులో 1984లో మొదలై యూరపంతా పాకిన వారసత్వ దినాలు సెప్టెంబరులో వస్తాయి. మన దేశంలో నవంబరు 19 నుంచి 25 వరకు ప్రపంచ వారసత్వ వారం. పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ పుట్టినరోజు నవంబరు 12. రెండూ దాదాపుగా మన కార్తీకంలోనే పడతాయి.

కనుక సంఘం వారికి నా విన్నపం ఏమంటే, ఈసారి వనభోజనం కల్యాణ మండపంలో వద్దు, బుక్కరాయసముద్రం కట్ట దగ్గర పెట్టుకుందాం. మనలో ఇరిగేషన్ వారున్నారు, సర్వే వారున్నారు, ఫారెస్టు వారున్నారు, బడిపంతుళ్లున్నారు. తూము సంగతి ఒకరు, కొలతలు ఒకరు, చెట్టూ పిట్టా ఒకరు చెబితే చాలు, ఉపన్యాసం అక్కరలేదు. మనవళ్లను, మనవరాళ్లను వెంట తీసుకురండి. మోకాళ్ల నొప్పులున్నవారు చెట్టు కింద కుర్చీల్లో కూర్చోవచ్చు. తక్కినవారం తొమ్మిదింటికి మునుపే ఎండ ముదరకుండా మరువ దాకా నడిచి వద్దాం. చెనిక్కాయలు మాత్రం ఇంటి నుంచి ఉడకబెట్టి తేవద్దు, అక్కడే మూడు రాళ్లు పెట్టి ఉడకబెట్టుకుందాం.