లిపియు, శబ్దమును, అర్థమును: చీనా పాశ్చాత్య సంకేతముల తారతమ్యము

పాశ్చాత్యుల యక్షరములు ధ్వనిని మాత్రమే తెలుపుననియు, చీనావారి యక్షరములు ధ్వనితోఁ బనిలేక నేరుగా నర్థమునే తెలుపుననియు నొక ప్రవాదము లోకమున మిక్కిలి వ్యాపించియున్నది. దీనిని నమ్మి కొందఱు చీనాలిపిని మానవజాతి కంతకును సామాన్యమగు భాషగాఁ గొనియాడిరి. మఱికొందఱు దీనినే నమ్మి, వర్ణమాల గలవారి బుద్ధియే సూక్ష్మమైనదని నిర్ణయించిరి. జర్మను తత్త్వవేత్త హెగెలు వర్ణలిపియే స్వభావముచేత నధికబుద్ధియుక్తమైనదని వ్రాసెను. స్తుతియు నిందయు నొక్క పునాదిమీఁదనే నిలిచినవి. ఒక లిపినిఁ బట్టి యొక జాతియొక్క బుద్ధిని దూఁచుట సామాన్యమగు సాహసము కాదు గావున నా పునాదిని బరీక్షింపవలసియున్నది. శబ్దార్థసంబంధవిచారము మన వైయాకరణులకుఁ గులవిద్య. ఆ దృష్టితోఁ జూచినచో నిందలి సత్యాసత్యములు వేఱుపడును.

మొదట పాశ్చాత్యమతమును జూతము. క్రీ. పూ. 4వ శతాబ్దమునందలి యవనాచార్యుఁడు అరిస్టాటిలు మతమున నోటిమాటలు మనోభావములకుఁ జిహ్నములు, వ్రాఁతలు నోటిమాటలకుఁ జిహ్నములు. అనఁగా వ్రాఁత చిహ్నమునకుఁ జిహ్నము. పాశ్చాత్యుల తరువాతి విచారమంతయుఁ బెక్కుపాళ్ళు దీనిననుసరించియే నడచినది. అయినను వారి వర్ణములు పుట్టుకతోనే వర్ణములు కావు. సినాయి ద్వీపకల్పమున సెరాబిత్ అల్ ఖాదిమ్ అను చోట 1905లో ఫ్లిండర్సు పెట్రీ కనుఁగొన్న శాసనములను అలన్ గార్డినరు పరిశోధించి, అందలి యెద్దుతల, యిల్లు మొదలగు బొమ్మలు ఆయా పదముల మొదటి హల్లులకు గుఱుతులని 1916లో నిరూపించెను. సెమిటిక్ భాషలలో నెద్దునకు 'అలెఫ్' అనియు, నింటికి 'బేత్' అనియుఁ బేళ్ళు. క్రీ. పూ. 8వ శతాబ్దప్రాంతమున గ్రీకులు ఫినీషియనులనుండి యీ లిపిని గైకొని, తమకుఁ బనికిరాని కొన్ని హల్లుల గుఱుతులను అచ్చులకు వాడుకొనిరి. అల్ఫా, బీటా యను పేళ్ళకు గ్రీకుభాషలో వేఱర్థము లేదు. బొమ్మ మాసిపోయి వర్ణము మాత్రము నిలిచినది.

ఇఁక చీనావారి మతము. హాన్ రాజుల కాలమున షూ షెన్ అను పండితుఁడు క్రీ. శ. 100లో 'షువోవెన్ జియెజి' యను కోశమును ముగించెను. అది 121లో నతని కుమారునిచేఁ జక్రవర్తికి సమర్పింపఁబడినది. అందు 9,353 అక్షరములు 540 శీర్షములక్రింద వర్గీకరింపఁబడి, అక్షరనిర్మాణమున కాఱు మార్గములు చెప్పఁబడినవి. సూర్యచంద్రులవలె వస్తురూపమును గీయుట యొకటి. 'పైన', 'క్రింద' యను వానివలె గీఁతచే సూచించుట రెండవది. రెండర్థములను గూర్చి మూఁడవ యర్థమును బుట్టించుట మూఁడవది. మనుష్యుని ప్రక్క మాటను నిలిపిన విశ్వాసమని షూ షెన్ చెప్పిన యుదాహరణము. అర్థసూచకమగు నొక భాగమును, ధ్వనిసూచకమగు నొక భాగమును జేర్చుట నాలుగవది. ఒక పదముయొక్క గుఱుతును తత్సమధ్వని గల వేఱొక పదమునకు ఎరువిచ్చుట యైదవది. ఆఱవదాని స్వరూపమునుగూర్చి పండితులలో నైకమత్యము లేదు.

ఇందు ముఖ్యముగా గమనింపవలసినది నాలుగవ మార్గము. 'జియాంగ్' అనఁగా నది. ఈ యక్షరమున నొక ప్రక్క నీటిగుఱుతును, వేఱొక ప్రక్క 'గోంగ్' అను ధ్వని గల గుఱుతును గలవు. 'పని' యను నర్థము గల యా రెండవ గుఱుతునకు నదితో నేమియు సంబంధము లేదు. ప్రాచీనోచ్చారణమున నా రెండు పదములును ధ్వనిచే సన్నిహితములు, అంతియే. అట్లే తల్లికి 'మా' యని పేరు. ఆ యక్షరమున స్త్రీగుఱుతు ప్రక్క గుఱ్ఱపుగుఱుతున్నది. తల్లికిని గుఱ్ఱమునకును నర్థసామ్య మేమియు లేదు, గుఱ్ఱమునకుఁ గూడ 'మా' యనియే పేరగుటచే నది ధ్వనికై నిలిచినది. ఆ రెంటికిని స్వరభేదము మాత్రమే కలదు. షూ షెన్ కోశమునందలి యక్షరములలోఁ బదింట నెనిమిదికి మించి యీ తెగకుఁ జేరినవే. ఐదవ మార్గమునఁ జూచినను నింతే. 'లై' యను గోధుమ బొమ్మయే 'వచ్చుట' యను నర్థము గల 'లై' శబ్దమునకు వ్రాయఁబడినది. 1899లో వెలుఁగునకు వచ్చిన ఆన్యాంగ్ ప్రాంతపు టెముకల వ్రాఁతలలోనే, అనఁగా క్రీ. పూ. 1200 ప్రాంతముననే, యీ యెరువుపద్ధతి కానవచ్చుచున్నది. కాఁబట్టి చీనాలిపి ధ్వనినిరపేక్షమనుట యా దేశపు శాస్త్రకారులకే విరుద్ధము.

మఱి యా ప్రవాద మెట్లు పుట్టినది? ఐరోపావారి యాశనుండి పుట్టినది. 1605లో ఫ్రాన్సిస్ బేకను చీనాయక్షరములు పదములను గాక వస్తువులనే తెలుపునని వ్రాసెను. 1668లో జాన్ విల్కిన్సు సర్వజాతులకును జెల్లు లిపి నొకదానిని గల్పించెను. లైబ్‌నిట్జు 1703లో, చీనాలో నున్న బూవే యను ఫ్రెంచి మతాచార్యుఁడు పంపిన 64 రేఖాచిత్రములను జూచి, తన ద్విసంఖ్యాగణితమే యందు దాఁగియున్నదని సంతసించెను. వీ రందఱు చీనాను జూడలేదు. తమకుఁ గావలసిన దానిని జీనాయందుఁ జూచిరి. 1838లో ఫిలడెల్ఫియాయందు డ్యుపాన్సో యను పండితుఁడు చీనాలిపి పదములను దెలుపునే కాని కేవలభావములను దెలుపదని సోపపత్తికముగా వాదించెను. అయినను బ్రవాదము చావలేదు. 1919లో ఎజ్రా పౌండు ప్రకటించిన ఫెనొల్లోసా వ్యాసము చీనాకవిత్వము నంతయుఁ జిత్రమయముగా వర్ణించి పాశ్చాత్యకవులను మఱల మోహింపఁజేసినది.

ఇచట నొక యాక్షేపము రావచ్చును. చీనా, జపాను, కొరియా, వియత్నాము దేశముల పండితులు పరస్పరభాష లెఱుఁగకయే కుంచెతో వ్రాసికొని సంభాషించిరి గదా? నిజమే. 1905లో వియత్నాము దేశభక్తుఁడు ఫాన్ బోయ్ చౌ జపానునకుఁ బోయి చీనాపండితుఁడు లియాంగ్ చీచావుతో నిట్లే ప్రసంగించెను. కాని యిరువురును బాల్యమునుండి ప్రాచీన చీనాభాషా వాక్యరచనను వల్లించినవారే. వారికి సామాన్యమైనది లిపి మాత్రము కాదు, ఒక భాష. మన దేశముతోఁ బోల్చినచో నిది విస్పష్టమగును. తెలుఁగు పండితుఁడు తెలుఁగులిపిలోను, కాశ్మీరపండితుఁడు శారదాలిపిలోను సంస్కృతమును వ్రాసిరి. ఒకరి వ్రాఁత యొకరికిఁ దెలియకున్నను నోట పలికినఁ దెలిసెడిది. ఇచట శబ్ద మొకటి, లిపులు పెక్కు. అచట లిపి యొకటి, ఉచ్చారణములు పెక్కు. రెండు చోట్లను బండితులను గలిపినది నేర్చిన భాషయే.

అట్లైన భేదమే లేదా? కలదు. పతంజలి మహాభాష్యమున వర్ణములు సార్థకములా నిరర్థకములా యని చర్చించుచు కూప, సూప, యూప శబ్దములను జూపెను. మొదటి వర్ణము మాఱఁగా నర్థము మాఱుచున్నది. అయినను ఆ వర్ణము తనంతట నే యర్థమును జెప్పదు. సముదాయమే యర్థవంతము. పాశ్చాత్యలిపి యీ నిరర్థకమగు వర్ణమును బట్టుకొన్నది. చీనాలిపి సార్థకమగు కనిష్ఠశబ్దమును, అనఁగా మన ప్రకృతిప్రత్యయముల వంటిదానిని బట్టుకొన్నది. ఆ భాషలో నట్టి శబ్దము తఱచుగా నేకాచ్కము గావున నొక యక్షరము, ఒక యుచ్చారణము, ఒక యర్థము కలిసికొన్నవి. ఇందును నపవాదములు గలవు: సీతాకోకచిలుకకుఁ బేరగు 'హూడియె' యను పదము రెండక్షరములుగా వ్రాయఁబడినను, అర్థ మా రెండింటి కూడికకే కాని విడివిడిగాఁ బంచుకొనుటకు రాదు. పాశ్చాత్యలిపియుఁ గేవలధ్వనిమయము కాదు. 'రైట్' అను నొక్క ధ్వనినే యింగ్లీషువారు 'వ్రాయుట' యను నర్థమున నొకవిధముగను, 'సరియైనది' యను నర్థమున వేఱొకవిధముగను వ్రాయుదురు. కావున భేదము పాళ్ళలోనిదే కాని జాతిభేదము కాదు.

శబ్దార్థసంబంధమును గూర్చిన సిద్ధాంతములును నిట్లే కలియుచున్నవి. క్రీ. పూ. 3వ శతాబ్దమునందలి షున్‌జి, నామములకు సహజమగు నౌచిత్యము లేదనియు, జనుల యొడంబడికయు వాడుకయుఁ బ్రమాణములనియుఁ జెప్పెను. ప్లేటో సంవాదమున హెర్మోజెనీసు పక్షము నదియే. మన నైయాయికుల సమయవాద మదియే. మీమాంసకులు దానిని గాదని నిత్యసంబంధమును స్థాపించిరి. జెనీవాయందు సంస్కృతమును గూడ బోధించిన సస్యూరు ఉపన్యాసములు, అతఁడు 1913లో మరణించిన పిదప, 1916లో నచ్చుపడినవి. అందును సంకేతము స్వచ్ఛందమనుటయే మూలసూత్రము.

మన వర్ణసమామ్నాయమునకుఁ బ్రాచ్యదేశములతో గల సంబంధ మిచట స్మరింపఁదగినది. బౌద్ధులచే సిద్ధమాతృకాలిపి చీనా జపానులకుఁ బోయెను. జపానువారు తమ కానాలిపిని క, స, త, న, హ, మ, య, ర, వ క్రమమునఁ బఠింతురు. 'హ'కారము పూర్వము 'ప'కారమగుటఁ దలఁచినచో కంఠ్యాదిగాఁ గల మన వర్గక్రమమే యిదియని తేటపడును. కొరియారాజు సేజోంగు 1443లో నిర్మించి 1446లోఁ బ్రకటించిన లిపియందు మూలవ్యంజనముల రూపములు నాలుక, పెదవి మొదలగు స్థానముల యాకారములనుండియే గ్రహింపఁబడినవి. చీనాలిపి నాశ్రయించిన దేశముననే యింత సూక్ష్మమగు ధ్వనిశాస్త్రము వెలసినపుడు, ఆ లిపి బుద్ధిని మొద్దువఱచునను మాట కెచట నవకాశము?

ఈ ప్రవాదఫలము గ్రంథములలోనే నిలువలేదు. 1918లో చియెన్ షువాంతోంగు వంటి చీనాపండితులే తమ లిపిని నిర్మూలింపవలెనని ఘోషించిరి. తుదకు 1956లో నక్షరములు సులభీకరింపఁబడెను. 1958లో రోమనులిపి యుచ్చారణసహాయముగా నంగీకరింపఁబడెను. మూలలిపి మాత్రము నిలిచినది. అక్షరము గీఁతయైనను వర్ణమైనను, దానికి బ్రాణమిచ్చునది జనుల వ్యవహారమే. లిపినిఁ జూచి బుద్ధిని గొలుచువారు పాత్రనుఁ జూచి పాయసపు రుచిని నిర్ణయించువారు.