బాదం పాలు (మొక్కల పాలు)

బాదం పాలు నానబెట్టిన బాదంపప్పును నీటితో రుబ్బి, వడగట్టి తీసే తెల్లని పానీయం. తెలుగునాట మిఠాయి దుకాణాల్లో ఇదే పేరుతో అమ్మే పసుపుపచ్చ పానీయం వేరు. అది పశువుల పాలతో కాచినది. మధ్యయుగపు ఐరోపాలో క్రైస్తవుల లెంట్ ఉపవాస దినాల్లో మామూలు పాలకు బదులు బాదం పాలను వంటల్లో వాడేవారు. 1390 ప్రాంతపు ఇంగ్లండు వంటల గ్రంథం ‘ఫోర్మ్ ఆఫ్ క్యూరీ’లో వీటి ప్రస్తావన ఉంది.

ఇంట్లో ఒక కప్పు పప్పును 8 నుంచి 12 గంటలు నానబెడతారు. ఆ నీరు పారబోసి, వేళ్ల మధ్య నొక్కితే జారిపోయే పొట్టు తీసి, 3-4 కప్పుల మంచినీటితో మెత్తగా రుబ్బి, పలుచని నూలుగుడ్డలో మూటగట్టి పిండుతారు. నిలవుంచితే నీరు విడిపోతుంది. వాడేముందు కలపడం తప్పదు. ఫ్రిజ్‌లో 3-4 రోజులు ఉంటాయి. మాంసకృత్తులు ఆవుపాలకంటే బాగా తక్కువ. ఏడాదిలోపు శిశువులకు ఇవి తల్లిపాలకు ప్రత్యామ్నాయం కావు.